మేం అడిగింది ఒక్క అంకె: కార్ల తయారీ కంపెనీలకు పాత కారు యజమాని బహిరంగ లేఖ

కార్ల తయారీ కంపెనీల అధిపతులకు, సర్వీసు, విడిభాగాల విభాగాల బాధ్యులకు,

నమస్కారం. పదిహేడేళ్ల కిందట మీలో ఒకరు తయారు చేసిన కారు నా దగ్గర రెండు లక్షల కిలోమీటర్ల పైన తిరిగింది. ఇంజన్ ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. అందులో మీ పనితనం ఉంది, కాదనను. ఆ కారు ప్రస్తుతం ముందు చక్రం ఊడదీసి జాకీ స్టాండ్ల మీద నిలబడి ఉంది. నాలుగు నెలలైంది. పార్టులన్నీ ఉన్నాయి, పని కూడా ముక్కాలు మూడొంతులు అయిపోయింది. ఒక అంకె తెలియక ఆగింది.

జరిగింది చెబుతాను. ఎడమ ముందు చక్రం దగ్గర మూలుగు మొదలైంది. వేగంతో పాటు పెరిగేది. కుడివైపు తిప్పితే గట్టిగా, ఎడమవైపు తిప్పితే తగ్గినట్టు వినిపించేది. పాత కారుతో కాపురం చేసేవాళ్లెవరైనా అది వీల్ బేరింగ్ (చక్రం సాఫీగా తిరగడానికి ఉండే భాగం) అని చెప్పేస్తారు. బేరింగ్ తెచ్చాను. చక్రం మధ్యలో బిగించే హబ్ నట్టు కూడా కొత్తది తెచ్చాను, ఎందుకంటే అంచు నొక్కి లాక్ చేసే రకం నట్టును విప్పాక మళ్లీ వాడకూడదు. పాత బేరింగును ప్రెస్ మీద తీయించి కొత్తది ఎక్కించాను. అయస్కాంత వలయం ఉన్న వైపును, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ సెన్సర్ వైపే పెట్టాలని, తిప్పి పెడితే ఏబీఎస్ లైటు వెలుగుతూనే ఉంటుందని సాటివాళ్లు చెప్పబట్టి తెలిసింది. ఇక మిగిలింది ఆ నట్టును ఎంత టార్కుతో, అంటే ఎంత తిప్పుడు బలంతో బిగించాలన్నది. కారుతో ఇచ్చిన పుస్తకం తీశాను. సీటు ఎలా జరుపుకోవాలో ఉంది, రేడియోలో స్టేషన్లు ఎలా దాచుకోవాలో ఉంది. ఇది లేదు.

కస్టమర్ కేర్‌కు రాశాను. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమన్నారు. వెళ్లాను. "ఈ మోడల్ పని మేం మానేశాం, ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది చూసుకోండి" అన్నారు. టార్కు అంకె మాత్రం చెప్పమంటే, అది బయటివాళ్లకు ఇవ్వకూడదన్నారు. ఈ సంగతంతా వివరంగా రాస్తూ రెండో ఉత్తరం పంపాను. జవాబు మళ్లీ అదే: సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి. మూడో ఉత్తరానికి మెషిన్ పంపిన రసీదు తప్ప ఇంకేమీ రాలేదు. ఇంతలో అక్కడా ఇక్కడా వెతికితే రెండు అంకెలు దొరికాయి. టార్కును కొలిచే న్యూటన్ మీటర్లలో ఒకరు 180 అన్నారు, ఇంకొకరు 245 అన్నారు. బయటి మెకానిక్‌ను అడిగితే "గన్ పెట్టి పట్టినంత బిగించేద్దాం" అన్నాడు. అతన్నీ తప్పు పట్టలేను. అతనికీ మీరు చెప్పలేదు కదా.

ఒక నట్టు గురించి ఇంత రాద్ధాంతమా అని మీ ఇంజనీర్లు అనరు. వాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చాలా కార్లలో చక్రం బేరింగ్ లోపలి వలయాలను ఒకదానికొకటి నొక్కి పట్టుకునేది ఈ నట్టే. బిగువు చాలకపోతే కొత్త బేరింగ్ కూడా కొద్ది రోజుల్లో పాడవుతుంది, అప్పటికీ పట్టించుకోకపోతే చక్రం ఆడుతుంది. బిగువు మితిమీరితే యాక్సిల్ మర సాగిపోతుంది. నాకు దొరికిన రెండు అంకెల మధ్య తేడా 65 న్యూటన్ మీటర్లు. ఇంజన్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గును మామూలుగా బిగించేదే 25 నుంచి 40 మధ్య. అంటే ఒక ప్లగ్గు మొత్తం బిగువును మించిన తేడా అది. దాన్ని నేను ఊహించుకోవాలి.

ఇంట్లో కారు పని చేసుకునేవాళ్లలో కొందరికి ఇది సరదా. ఎక్కువమందికి కాదు. ఒక పెద్ద రిపేరు బిల్లు కారు విలువను దాటిపోయే రోజు ప్రతి పాత కారుకూ వస్తుంది. అప్పుడు కొత్తది కొనే స్తోమత లేక, కారు లేకుండా రోజు గడవక, సెలవు రోజున పానా పట్టుకున్నవాళ్లం మేము. రాత్రి షిఫ్టు అయ్యేసరికి బస్సు ఉండనివాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సినవాళ్లు మాలో ఉన్నారు. అలాంటివాళ్లకు ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ చెప్పి పంపేస్తే ఎలా?

మాకు హద్దులు తెలియవనుకోకండి. ఎయిర్‌బ్యాగ్ జోలికి పోం. ఏసీ గ్యాసు ముట్టుకోం. హైబ్రిడ్ కార్లలో హై వోల్టేజీ కరెంటు పారే నారింజ రంగు కేబుల్ కనబడితే చెయ్యి వెనక్కి తీసుకుంటాం. షాక్ అబ్జార్బర్ మీది స్ప్రింగును సరైన కంప్రెసర్ లేకుండా విప్పితే ప్రాణం మీదికి వస్తుందని మాకు తెలుసు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద దూరకూడదని, వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని, కూలెంట్ తియ్యగా ఉంటుంది గానీ విషం కనుక పిల్లలకు, కుక్కలకు అందకుండా పెట్టాలని కొత్తవాళ్లకు మొదటి పాఠంగా చెప్పేది మేమే. ఈ హద్దు మీ మోడల్లో సరిగ్గా ఎక్కడుందో మీరు చెబితే ఇంకా మంచిది.

మీరు చెప్పినా చెప్పకపోయినా ఈ పనులు జరుగుతూనే ఉంటాయి. అంకె దాచినంత మాత్రాన బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవడం ఎవరూ మానరు, అంచనా మీద మార్చుకుంటారు. అలా అంచనా మీద బిగించిన కారు రోడ్డు మీదికి వస్తుంది. అదే రోడ్డు మీద మీ పిల్లలూ నడుస్తారు.

అందుకని మా కష్టాలు, మా డిమాండ్లు వరుసగా రాస్తున్నాను.

1. సర్వీసు మాన్యువల్ యజమానికి అందాలి. ఒకప్పుడు కారుతో వచ్చే పుస్తకంలోనే వాల్వుల సందు ఎంతుండాలి, స్పార్క్ ప్లగ్గు గ్యాప్ ఎంత, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు ఎలా సరిచేయాలి అన్నవి బొమ్మలతో సహా ఉండేవి. కార్లు క్లిష్టమయ్యాయంటారు, నిజమే. కానీ బ్రేక్ క్యాలిపర్ బోల్టు ఇప్పటికీ బోల్టే. తయారీ ఆగిపోయి, వారంటీలన్నీ ముగిసిపోయిన మోడల్ మాన్యువల్‌ను తాళం వేసి ఉంచడం వల్ల మీకొచ్చే లాభమేమిటో నాకు అర్థం కాదు. మొత్తం పుస్తకం ఇవ్వలేమంటే ముందు ఇవి ఇవ్వండి: బిగింపు టార్కులు, ఏ బోల్టును ఒక్కసారే వాడాలి, ఏ ద్రవం ఎన్ని లీటర్లు, టైమింగ్ బెల్టు వివరాలు.

టైమింగ్ బెల్టు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఇంజన్‌లో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది అదే. కొన్ని ఇంజన్లలో ఆ బెల్టు తెగితే కారు ఆగిపోతుంది, అంతకుమించి నష్టం లేదు. కొన్నిటిలో తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. ఇంజన్ విప్పాల్సిందే, చాలాసార్లు పారేయాల్సిందే. తన ఇంజన్ వీటిలో ఏ రకమో సెకండ్ హ్యాండులో కొన్నవాళ్లకు ఏ కాగితమూ చెప్పదు. పైగా బెల్టుకు కిలోమీటర్లతో పాటు ఏళ్లూ లెక్కే. మీటరు తక్కువ చూపిస్తోందని మురిసిపోయి పాత కారు కొని, ఆరు నెలలు తిరక్కుండానే నడిరోడ్డు మీద ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. బానెట్ లోపల ఒక స్టిక్కరు చాలు: ఈ బెల్టు ఇన్ని కిలోమీటర్లకు గానీ ఇన్నేళ్లకు గానీ మార్చాలి, తెగితే ఇంజన్ దెబ్బతింటుంది. టైర్ల గాలి ఎంతుండాలో డోరు పక్కన స్టిక్కరు వేస్తారు కదా, అలాగే.

2. "జీవితకాలం సరిపోయే ఆయిల్" అనే మాట మానేయండి. ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసిన ఆయిల్‌ను ఎప్పటికీ మార్చనక్కర్లేదని మీలో చాలామంది రాస్తారు. ఏ జీవితకాలం? మొదటి యజమాని అమ్మేసేదాకానా, వారంటీ అయ్యేదాకానా? మీలో ఎందరికో గేర్ బాక్సులు చేసి ఇచ్చే జడ్ఎఫ్ కంపెనీ, తన ఆటోమేటిక్ గేర్ బాక్సుల ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గానీ ఎనిమిదేళ్లకు గానీ మార్చమని చెబుతోంది. గేర్ బాక్సు చేసినవాళ్ల మాట ఒకటి, దాన్ని కారులో పెట్టి అమ్మినవాళ్ల మాట ఇంకొకటి. మధ్యలో నలిగేది రెండో యజమాని. పదో ఏట గేరు మారేటప్పుడు కుదుపు మొదలవుతుంది, పన్నెండో ఏట గేర్ బాక్సు పోతుంది. దాని ఖరీదు కారు ఖరీదును మించుతుంది. మిగతా అంతా బాగున్న కారు తుక్కు కిందికి పోతుంది. ఆయిల్ మారుద్దామని ముందే మేలుకున్నవాళ్లకైనా దారి ఉందా అంటే, ఆయిల్ మట్టం చూసే కడ్డీని, అదే డిప్ స్టిక్‌ను, తీసేశారు. కొన్నిటిలో ఆయిల్ ఫలానా ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడే కింది ప్లగ్గు తీసి మట్టం చూడాలి. ఆ ఉష్ణోగ్రత ఎంతో మళ్లీ మీ మాన్యువల్లోనే ఉంటుంది.

మా డిమాండు చిన్నది. కారులో ఉన్న ప్రతి ద్రవానికీ మార్చాల్సిన గడువు కిలోమీటర్లలోనూ ఏళ్లలోనూ రాయండి. ఇరవై ఏళ్లు వాడుకోవాలనుకునేవాళ్ల కోసం రాయండి.

3. బ్రేకులకు వేసిన సాఫ్ట్‌వేర్ తాళం తీయండి. బ్రేక్ ఆయిల్ విషయంలో మీలో చాలామంది రెండేళ్లకోసారి మార్చమని సరిగ్గానే చెబుతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కు దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది. ఇంతవరకు మీరూ మేమూ ఒకే మాట మీద ఉన్నాం. మార్చబోతే మాత్రం, కొన్ని కార్లలో ఏబీఎస్ యూనిట్ లోపల చేరిన గాలి తీయాలంటే స్కానర్ పెట్టి కంప్యూటర్‌కు ఆదేశం ఇవ్వాలి. వెనక చక్రాలకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే, ప్యాడ్లు మార్చడానికి దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టాలి. తెలియక పిస్టన్‌ను బలవంతంగా వెనక్కి నొక్కినవాళ్లు మోటారు విరగ్గొట్టుకున్నారు. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చినా "కొత్త బ్యాటరీ వేశాం" అని కంప్యూటర్‌కు చెప్పాలి, లేకపోతే పాతదానికి పెట్టినట్టే చార్జింగ్ పెడుతుంది. కొందరు తయారీదారులు సర్వీసు మోడ్‌ను కారు స్క్రీన్ మీదే, ఎవరైనా తెరుచుకునేలా పెట్టారు. అంటే ఇది సాధ్యం కాని పనేమీ కాదు.

దీనికి ముందు నమూనా కూడా ఉంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ ఓబీడీ 2 పోర్టు (స్కానర్ తగిలించి లోపాల కోడ్లు చదువుకునే సాకెట్) తప్పనిసరి చేశారు. యూరప్‌లో అలాంటి నిబంధనే పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిలు కార్లకు 2004 నుంచి వచ్చింది. పొగ కాలుష్యం అదుపు కోసం పెట్టిన ఆ పదహారు పిన్నుల పోర్టు మాలాంటివాళ్లకు పెద్ద మేలు చేసింది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే పీ0301 అని కోడ్ వస్తుంది. ఏ కంపెనీ కారైనా దాని అర్థం ఒకటే: మొదటి సిలిండర్ సరిగ్గా మండటం లేదు. స్పార్క్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌ను అక్కణ్నుంచి రెండో సిలిండర్‌కు మార్చి చూస్తాం, కోడ్ పీ0302కు మారితే దోషం కాయిల్‌దే. పది నిమిషాల పని. అందరికీ ఒకే భాష ఉంటే ఎంత సులువో చూడండి. అదే బ్రేకులకు, స్టీరింగుకు, బ్యాటరీకి వచ్చేసరికి కంపెనీకో భాష, భాషకో తాళం. ఈ మధ్య కార్లలో ఆ పోర్టుకు కూడా గేటు కట్టి, కంపెనీ సర్వర్లో పేరు రాయించుకుని డబ్బు కడితేనే తెరుస్తామంటున్నారు. చట్టంలో లేని ఇలాంటి షరతులు స్వతంత్ర మెకానిక్కులకు పెట్టకూడదని 2023 అక్టోబర్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చి చెప్పింది. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు యజమానులకూ, బయటి గ్యారేజీలకూ రిపేరు సమాచారం ఇవ్వాలని 2012లోనే ఓటేశారు. వైర్‌లెస్‌గా కారు నుంచి కంపెనీకి వెళ్లే డేటాకూ అదే వర్తించాలని 2020లో మళ్లీ ఓటేశారు. జనం రెండుసార్లు ఓటేసి మరీ అడగాల్సిన విషయమా ఇది?

4. చిన్న పార్టు పాడైతే చిన్న పార్టే అమ్మండి. డ్రైవ్ షాఫ్టు చివర ఉండే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్ము లోపలికి పోతుంది, మలుపుల్లో టకటక చప్పుడు మొదలవుతుంది. వెంటనే చూసుకుంటే బూటు, క్లిప్పులు, కాస్త గ్రీజు చాలు. బూటు విడిగా లేదు, షాఫ్టు మొత్తం కొనమంటారు. బాల్ జాయింట్ అరిగితే కంట్రోల్ ఆర్మ్ మొత్తం కొనాలి, రెండింటినీ రివిట్లతో కలిపేశారు కనుక. డోరు అద్దం దిగిపోయిందని తలుపు విప్పి చూస్తే విరిగింది బొటనవేలంత ప్లాస్టిక్ క్లిప్పు. అమ్మేది మాత్రం మోటారుతో సహా. ఇలా రెండుమూడు సార్లు అయ్యేసరికి యజమాని ఏం చేస్తాడో మీకూ తెలుసు. మీ పేరు ముద్రించిన పెట్టెలో ఇంకెవరి సరుకో కొంటాడు. నకిలీ పార్టుల మీద మీరిచ్చే ప్రకటనలు చూస్తుంటాను. సగం మార్కెట్ మీరే వాళ్లకు అప్పగించారు.

ఒక మోడల్‌కు పార్టుల తయారీ ఆపేస్తున్నారా, ఆపండి. ఆపేటప్పుడు రబ్బరు బుష్‌లు, సీళ్లు, క్లిప్పుల వంటి వాటి కొలతలు, పదార్థం వివరాలు బయటపెట్టండి. చేయగలిగినవాళ్లు చేసుకుంటారు.

5. రీకాల్ కబురు, అంటే లోపమున్న కార్లను బాగుచేయడానికి మీరు వెనక్కి పిలిచే కబురు, మూడో యజమానికి కూడా అందాలి. ఈ ఒక్క విషయంలో నేను మర్యాద కాస్త తగ్గించి మాట్లాడతాను. జపాన్ కంపెనీ టకాటా చేసిన ఎయిర్‌బ్యాగుల సంగతి మీకు గుర్తు చేయాలా? గ్యాసు పుట్టించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకూ ఏళ్ల తరబడి గురై చెడిపోయి, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు దాని లోహపు గుల్ల పగిలి ముక్కలు మనుషుల మీదికి దూసుకొచ్చాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను (ఎయిర్‌బ్యాగులో గ్యాసు నింపే భాగాలను) వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఇందులో కీలకం ఏమిటంటే, కారు పాతబడేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. పాతబడేకొద్దీ కారు చేతులు మారుతుంది. చేతులు మారేకొద్దీ మీ ఉత్తరం మొదటి యజమాని పాత అడ్రసుకు పోతుంది. అంటే ఎవరికి అందరికన్నా ముందు తెలియాలో వాళ్లకే తెలియదు. ప్రతి కారుకూ గుర్తింపుగా ఉండే 17 అక్షరాల, అంకెల వీఐఎన్ నంబరు కొడితే ఆ కారు మీద మిగిలి ఉన్న రీకాల్ పనులన్నీ ఎవరికైనా కనిపించాలి. లాగిన్ వద్దు, ఫోన్ నంబరు అడగొద్దు. కారుకు ఎన్నేళ్లయినా ఆ పని ఉచితంగా చేయాలి. పైన చెప్పాను, ఎయిర్‌బ్యాగ్ మేం ముట్టుకోం. ముట్టుకోవాల్సింది మీరు, మరి రండి.

6. చెయ్యి పట్టే సందు ఉంచండి. హెడ్‌లైట్ బల్బు మార్చడానికి ముందు బంపర్ విప్పాల్సిన కార్లున్నాయి. బల్బు పోయిన కారు రాత్రిపూట ఒంటికన్నుతో ఎన్నాళ్లు తిరుగుతుందో, దానికి ఎదురొచ్చే మోటార్ సైకిల్‌వాడి పరిస్థితేమిటో డిజైన్ చేసినవాళ్లు ఒకసారి ఆలోచించాలి. బల్బులు, ఫ్యూజులు, ఫిల్టర్లు, బ్యాటరీ: ఈ నాలుగూ మామూలు పనిముట్లతో అందేలా ఉండాలి.

7. వాడేసిన ఇంజన్ ఆయిల్, కూలెంట్ వెనక్కి తీసుకోండి. మేం డబ్బాల్లో పట్టి తెస్తే "మా దగ్గర పోయించుకున్న ఆయిల్ కాదు" అని వెనక్కి పంపకండి. మాలో బుద్ధిలేనివాళ్లు దాన్ని కాలువలో పోస్తున్నారు, ఒప్పుకుంటాను. బుద్ధి ఉన్నవాళ్లకైనా ఇచ్చే చోటు ఉండాలి కదా.

ఇవి అడిగినప్పుడల్లా మీ వైపు నుంచి మూడు జవాబులు వస్తుంటాయి.

భద్రత అంటారు. పైనే చెప్పాను: అంకె లేకుండా జరిగే పని కన్నా అంకెతో జరిగే పనే భద్రం. అంతగా భయముంటే ప్రతి పనికీ ముందు హెచ్చరిక రాయండి, "ఇది ఇంట్లో చేయకూడదు" అని రాయండి. కారణంతో సహా రాస్తే వింటాం.

సైబర్ దాడులంటారు. దూరం నుంచి కారును ఆపగలిగే దొంగలను ఆపండి, మేం అడ్డం రాం. కానీ సొంత కారు పక్కన, తాళం చేతిలో పెట్టుకుని, వైరు తగిలించి వెనక బ్రేకు ప్యాడు మార్చుకునే మనిషికీ ఆ దొంగకూ తేడా పట్టలేని సాఫ్ట్‌వేర్ రాశారంటే, లోపం మాది కాదు.

వ్యాపార రహస్యమంటారు. హబ్ నట్టు బిగువులో రహస్యమేముంది? టార్క్ రెంచ్ పట్టుకుని మీ పోటీదారు అరగంటలో కనుక్కోగలడు. మీలోనే ఒక కంపెనీ, వోల్వో, 1959లో తన ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారు చేసిన మూడు బిందువుల సీటు బెల్టు పేటెంటును అందరూ వాడుకునేలా వదిలేసింది. పోటీ కంపెనీలన్నీ పెట్టుకున్నాయి. ఆ కంపెనీ ఏమీ మునిగిపోలేదు. అంత పెద్దది అప్పుడు ఇవ్వగలిగినవాళ్లున్న రంగం ఇది. మేం అడిగేది ఒక పట్టిక.

వారంటీ పోతుందన్న బెదిరింపు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మా కార్ల వారంటీలు ఎప్పుడో పోయాయి. కొత్త కార్లవాళ్లను కూడా, బయట ఆయిల్ మారిస్తే వారంటీ రద్దని భయపెట్టకండి. మా కంపెనీ పార్టే వాడితేనే వారంటీ అని షరతు పెట్టకూడదని అమెరికా 1975లోనే చట్టం చేసింది.

ఇప్పుడు గడువులు. పదేళ్లు దాటిన మోడళ్లన్నిటికీ టార్కు అంకెలు, ద్రవాల పట్టిక, టైమింగ్ బెల్టు వివరాలు మూడు నెలల్లో, ఉచితంగా, ఎవరైనా దించుకునేలా పెట్టండి. ఇవి మీ దగ్గర తయారుగా ఉన్నవే, కొత్తగా రాసేది లేదు. వీఐఎన్‌తో రీకాల్ చూసుకునే సదుపాయం ఇప్పటికే లేనివాళ్లు ఆరు నెలల్లో పెట్టండి. బ్రేకుల, బ్యాటరీ సర్వీసు మోడ్ తాళాలు వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తీసేయండి. చిన్న పార్టుల సంగతికి సమయం పడుతుంది, అది మాకూ తెలుసు. ఏ మోడల్‌కు ఏది ఎప్పటికి ఇస్తారో ముందు జాబితా ప్రకటించండి. ఇవి జరగకపోతే వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారుల దగ్గరికి, చట్టసభల సభ్యుల దగ్గరికి ఇదే లేఖ సంతకాలతో వెళ్తుంది.

నా కారు విషయానికొస్తే, మోడల్, తయారైన ఏడాది, వీఐఎన్ నంబరు నా మూడు ఉత్తరాల్లోనూ ఉన్నాయి. మీ రికార్డుల్లో ఉండాలి. ముందు చక్రం హబ్ నట్టు. కొత్త నట్టు మీద కొంచెం ఆయిల్ రాసి బిగించాలా, పొడిగా బిగించాలా అన్నది కూడా చెప్పండి, దాన్నిబట్టి బిగువు మారిపోతుంది. న్యూటన్ మీటర్లలో చెబితే చాలు.

ఇట్లు,
కారును స్టాండ్ల మీద నిలబెట్టుకుని ఎదురుచూస్తున్న ఒక యజమాని